ఎవరికి, ఏం చెయ్యమని?

ఆగస్టు 6: గుంటూరు, పెదకాకాని, నంబూరు

గుంటూరులో బస్సెక్కితే గంటకు అటూ ఇటుగా విజయవాడలో దిగుతాం. ఆ కాస్త దారినే, అణుబాంబు పడిన హిరోషిమా రోజున మొదలుపెట్టి నాగసాకి రోజుకు ముగిసేలా, శాంతి కోరుతూ నడవాలని మావాళ్ల ఆలోచన. మావాళ్లంటే ఏ జెండా కిందా లేని జనం: పదవీ విరమణ చేసిన పంతుళ్లు, కాలేజీ పిల్లలు, ఒక నర్సమ్మ, మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఆయన, బ్యాంకు ఉద్యోగం ముగించుకున్న నేను. ఒక మాజీ హవల్దారు కూడా చేరారు. బయల్దేరకముందే ఆయన తేల్చి చెప్పారు: "మన దేశం దగ్గర బాంబు ఉండాలనేవాణ్ణి నేను. అయినా నడుస్తాను. యుద్ధం ఎలా ఉంటుందో ఇక్కడ చూసి వచ్చింది నేనొక్కణ్ణే." ఇలాంటాయనకు శాంతి నడకతో పనేమిటని వెనక వరుసలో కాసేపు గుసగుసలు నడిచాయి. నాకు మాత్రం ఆయన రావడం నచ్చింది. అందరిదీ ఒకే మాటయితే దారి పొడుగునా ఏం మాట్లాడుకుంటాం?

ఉదయం 8 గంటల 15 నిమిషాలకు జిన్నా టవర్ సెంటర్లో నిలబడ్డాం. 1945లో జపాన్‌లోని హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు ఆ ఊరి గడియారాల్లో అదే సమయం. చోటు ఎంపిక మాలో ఒక మాస్టారిది. మహాత్మా గాంధీ రోడ్డు మీద మహమ్మద్ అలీ జిన్నా పేరుతో ఒక కట్టడం, దేశ విభజన జరిగాక కూడా, పాకిస్తాన్‌తో ఇన్ని యుద్ధాల తర్వాత కూడా అదే పేరుతో నిలిచి ఉండటం గుంటూరులో తప్ప ఎక్కడ కుదురుతుంది? పేరు మార్చాలన్న గొడవ లేకపోలేదు. 2022 ఫిబ్రవరిలో దానికి మూడు రంగులు వేశారు. పేరు మాత్రం అలాగే ఉంది.

నిమిషం మౌనం అనుకున్నాం కానీ ఆ సెంటర్లో మౌనం మనం పాటిస్తే సరిపోదు, ఆటోలు కూడా పాటించాలి. ఒక ఆటో అబ్బాయి బండి పక్కకు తీసి మాస్టారిని అడిగాడు.

"ఎవరు పోయారండీ?"

"లక్షా నలభై వేల మంది, బాబూ."

"ఎప్పుడు? టీవీలో చూపించలేదే!"

మాస్టారు ఓపిగ్గా చెప్పారు. ఒక్క బాంబు, ఆ ఏడాది చివరికి హిరోషిమాలో చనిపోయినవాళ్లు సుమారు లక్షా నలభై వేలని అంచనా. మూడు రోజులకు నాగసాకి మీద ఇంకొకటి; అక్కడ డెబ్బై వేలకు పైగా. అబ్బాయి విని, మా సంతకాల పుస్తకంలో అందరికంటే ముందు సంతకం చేసి, కిరాయి దొరికిందని వెళ్లిపోయాడు.

ఈ సంతకాల పుస్తకం సంగతి చెప్పాలి. పొడవాటి రిజిస్టరు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "ప్రపంచ శాంతి వర్ధిల్లాలి, యుద్ధాలు వద్దు" అని రాసి ఉంది. మోయడం నా వంతు. జిన్నా టవర్ దగ్గర, తర్వాత మిర్చి యార్డు వైపు వెళ్లే దారిలో సంతకాలు ఇట్టే పడ్డాయి. వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. నాకు అక్కడే అనుమానం పట్టుకుంది. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ చదవకుండా సంతకం పెట్టేవాళ్లను చూశాను. ఆ కాగితంలో ఏముందో వాళ్లకు మళ్లీ ఎప్పుడూ గుర్తుండేది కాదు. ఎవరూ కాదనలేని మాటను ఎవరూ పట్టించుకోవలసిన అవసరమూ ఉండదు.

గుమాస్తా గారు అందరికీ మాల్పూరీలు పొట్లాలు కట్టించుకొచ్చారు. తీపి తిని నడవడం మొదలుపెట్టడం వల్ల పెదకాకాని చేరేసరికే దాహంతో నాలుక పిడచకట్టింది. జాతీయ రహదారి పక్కన నడక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. లారీ వెళ్లిన ప్రతిసారీ దుమ్ము, వేడిగాలి. సర్వీసు రోడ్డు ఉన్నచోట బతికాం. మబ్బు పట్టింది కానీ వాన రాలేదు, ఉక్క మాత్రం మిగిల్చింది.

పెదకాకానిలో మల్లేశ్వరస్వామి గుడి దగ్గర టిఫిను తిన్నాం. దోసెలు పోస్తున్న ఆవిడ మా చేతుల్లోని నినాదాల అట్టలు చదివి నవ్వింది. "ఉక్రెయిన్లో యుద్ధమంటే మాకేమిటని అనుకున్నానమ్మా. పొద్దుతిరుగుడు నూనె డబ్బా ధర చూశాక తెలిసింది, అది మా పొయ్యి మీదికే వచ్చిందని." 2022 దాకా మన దేశానికి పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. ఆ దేశం పేరు ఈవిడకు మ్యాపులో తెలియకపోవచ్చు, ధరల పట్టీలో బాగా తెలుసు. పక్క బల్ల మీద రైతు ఎరువుల లెక్క ఎత్తుకున్నాడు. ప్రపంచ శాంతి గురించి ఆ రోజు నేను విన్న సిసలైన మాటలు ఆ రెండే. మా పుస్తకంలో మాత్రం వాటికి చోటు లేదు. అందులో వర్ధిల్లాలి అన్న మాటకే చోటుంది.

సాయంత్రం నంబూరు దగ్గర టీ కొట్టు ముందు బల్లల మీద కూలబడ్డాం. నాగార్జున విశ్వవిద్యాలయం పిల్లలు కొందరు వచ్చి కలిశారు. నడకలతో ఏమవుతుందని ఒక అబ్బాయి అడిగితే మాస్టారు సతీశ్ కుమార్, ఇ.పి. మేనన్‌ల కథ చెప్పారు. 1962లో ఈ ఇద్దరు యువకులు అణుబాంబులు వద్దని చెప్పడానికి ఢిల్లీ నుంచి కాలినడకన బయల్దేరారు. జేబులో పైసా పెట్టుకోవద్దని వినోబా భావే సలహా. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, ఇరాన్ దాటి మాస్కో, అక్కణ్ణుంచి పారిస్, లండన్, సముద్రం మాత్రం ఓడలో దాటి వాషింగ్టన్. అంతా కలిపి దాదాపు 8,000 మైళ్లు. దారిలో సోవియట్ జార్జియాలో ఒక టీ ఫ్యాక్టరీ కార్మికురాలు వాళ్లకు నాలుగు టీ పొట్లాలు ఇచ్చింది. నాలుగు రాజధానుల్లోని నాయకులకు తలా ఒకటి ఇమ్మంది. బాంబు మీట నొక్కాలనిపించినప్పుడు ముందు ఈ టీ తాగి ఆలోచించమని ఆమె సందేశం.

"మన బెజవాడ నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు కూడా ఆ కాలంలోనే సేవాగ్రామ్ నుంచి ఢిల్లీకి నడిచారు. ఆయనది వేరే గొడవ, మంత్రులు ఆడంబరాలు మానాలని" అని ఇంకో మాస్టారు అందుకున్నారు. టీ కొట్టాయన ఇదంతా విని, మా టీల డబ్బులు వదులుకుంటాడేమోనని ఆశపడ్డాం. వదులుకోలేదు. ఆయనకూ ఇల్లుంది కదా.

ఆగస్టు 7: కాజ, చినకాకాని, మంగళగిరి

వేకువనే బయల్దేరడం వల్ల కాజ టోల్ గేటు ఎండ ముదరకముందే దాటాం. పొలాల్లో వరినాట్లు సాగుతున్నాయి. మంగళగిరి ఊళ్లోకి వచ్చేసరికి మైకు మోత. మా కోసం కాదు, జాతీయ చేనేత దినోత్సవం. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైనందుకు గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. విదేశీ బట్ట కొనం అని మామూలు జనం చెప్పిన రోజు.

మధ్యాహ్నం నేతపేటలో ఒక ఇంటి అరుగు మీద చోటిచ్చారు. లోపల గుంట మగ్గం. నేస్తున్నావిడకు అరవై దాటి ఉంటాయి. నిజాం అంచు చీర మగ్గం మీద ఉంది. నేను అలవాటుగా పుస్తకం చాచాను. ఆవిడ మగ్గం ఆపి, కళ్లజోడు పెట్టుకుని, మొదటి పేజీ మొత్తం చదివింది. మొత్తం చదివిన మొదటి మనిషి ఆవిడే.

"ఇది ఎవరికిస్తారమ్మా?"

"అంటే... ప్రభుత్వానికి, ఐక్యరాజ్యసమితికి..."

"వాళ్లను ఏం చెయ్యమని?"

శాంతి కావాలని, అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మా సంఘం తరఫున నూలు సబ్సిడీ కోసం కాగితం పెడితే కూడా ఏ నెల, ఎన్ని రూపాయలు, ఎవరి సంతకం అని రాస్తాం. లేకపోతే బల్ల మీదే ఉండిపోతుంది. ఇంత పెద్ద సంగతికి ఇంత చిన్న వాక్యమా?" అంది. సంతకం మాత్రం పెట్టింది. ఇంటికొచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేకపోయి ఉంటుంది.

ఆ ప్రశ్న దగ్గరే మా నడక మలుపు తిరిగిందని నా అభిప్రాయం. ఆ సాయంత్రమంతా దాని మీదే చర్చ. టోక్యోలోని సుగినామి ఆడవాళ్ల సంగతి నర్సమ్మ చెప్పారు. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఒక జపాన్ చేపల పడవ మీద బూడిద కురిసింది. అందులోని 23 మందికీ రేడియేషన్ జబ్బు చేసింది. ఒకాయన సెప్టెంబరులో చనిపోయారు. వాళ్లు పట్టుకొచ్చిన ట్యూనా చేప మార్కెట్లోకి వచ్చిందని తెలియగానే జపాన్లో చేపలు కొనేవాళ్లు లేకపోయారు. సుగినామిలో చేపల దుకాణాలవాళ్లు, గృహిణులు కలిసి హైడ్రోజన్ బాంబులను నిషేధించాలని సంతకాలు మొదలుపెట్టారు. అది దేశమంతా పాకి, మరుసటి ఏడాది ఆగస్టుకు మూడు కోట్లు దాటింది. 1955లో హిరోషిమాలో అణుబాంబులకు వ్యతిరేకంగా మొదటి ప్రపంచ మహాసభ జరగడానికి ఆ కదలికే ఊతం.

"చూశారా," అన్నారు నర్సమ్మ, "వాళ్లు ప్రపంచం గురించి మొదలుపెట్టలేదు. చేప గురించి మొదలుపెట్టారు."

అమెరికాలోనూ అదే జరిగింది. బాంబు పరీక్షల దుమ్ములోని స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం గడ్డి మీద పడి, ఆవు మేసి, పాలలోకి వచ్చి, పిల్లల ఎముకల్లో, పళ్లలో చేరుతుందని శాస్త్రవేత్తలు చెప్పారు. సెయింట్ లూయిస్ నగరంలో 1958 నుంచి తల్లులు పిల్లల ఊడిన పాలపళ్లు పంపడం మొదలుపెట్టారు. పోగైనవి మూడు లక్షలు దాటాయి. మన దగ్గర ఊడిన పన్ను ఇంటి కప్పు మీదికి విసురుతాం, వాళ్లు పరిశోధనశాలకు పంపారు. 1961 నవంబరు 1న వేలాది ఆడవాళ్లు పరీక్షలు ఆపాలంటూ అమెరికా నగరాల వీధుల్లోకి వచ్చారు. అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ అంతకుముందే 1958లో వేల మంది శాస్త్రవేత్తల సంతకాలు ఐక్యరాజ్యసమితికి అందించారు. 1963 ఆగస్టులో గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణు పరీక్షలను ఆపే ఒప్పందం మీద అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ సంతకాలు చేశాయి. ఆ ఒప్పందానికి అంతకుముందు ఏడాది క్యూబాలో సోవియట్ క్షిపణుల మీద రేగిన సంక్షోభం భయం, అలాంటి పరీక్షలను దూరం నుంచే కనిపెట్టగలగడం వంటి కారణాలూ ఉన్నాయి. తల్లులే అంతా చేశారని చెప్పను. వాళ్లు లేకుండా అయ్యేదనీ చెప్పలేను.

హవల్దారు గారు ఇదంతా విని, "నేల కింద పరీక్షలు ఆగలేదుగా" అన్నారు. ఆగలేదు. 1974లో, 1998లో మన పరీక్షలు కూడా నేల కిందే.

రాత్రి పానకాల స్వామి కొండ దగ్గర చల్లగాలికి కూర్చున్నాం. ఎంత పానకం పోసినా స్వామి సగమే తాగి సగం భక్తుడికి వదిలేస్తాడని కదా నమ్మకం. ఆయుధాల తగ్గింపు చర్చలకు ఈయన్ను మధ్యవర్తిగా పంపాలని కాలేజీ అమ్మాయి అంటే అందరం నవ్వాం. హవల్దారు గారు అందరికంటే ఎక్కువ నవ్వారు.

ఆగస్టు 8: ఉండవల్లి

ఆ రోజు నడిచింది తక్కువ, వాదించింది ఎక్కువ. గుహల ముందున్న పచ్చికలో పుస్తకం తెరిచి కూర్చున్నాం. లోపల కొండలోనే మలిచిన అనంతపద్మనాభుడు పడుకుని ఉన్నాడు. మా అరుపులకు ఆయన కదలకపోవడం అలవాటు వల్లే అనుకుంటాను.

క్విట్ ఇండియా తీర్మానం ఆమోదించిన రోజు కూడా ఆగస్టు 8, 1942. మాస్టారు ఆ సంగతి ఎత్తారు. ఎవరికి చెబుతున్నామో, ఏం చెయ్యమంటున్నామో రెండు మాటల్లో ఉంది. తొలి పేజీ చించి కొత్తది రాద్దామని నేను ప్రతిపాదించాను. చించడానికి కొందరు ఒప్పుకోలేదు, దాని కింద పడ్డ సంతకాలకు అన్యాయమని. సరే, అది అలాగే ఉంచి, కొత్త కాగితం రాయడానికి కూర్చున్నాం.

కాలేజీ అమ్మాయి కోరిక స్పష్టం: అణ్వాయుధాల నిషేధ ఒప్పందంలో మన దేశం చేరాలి. 2017 జులై 7న ఐక్యరాజ్యసమితిలో 122 దేశాలు దాన్ని ఆమోదించాయి. 2021 జనవరి 22 నుంచి అమల్లో ఉంది. ఆ ఒప్పందం రావడానికి బాంబు దెబ్బ తిని బతికినవాళ్లు ఊరూరా, దేశదేశానా చెప్పిన తమ కథలు కూడా ఒక పెద్ద కారణం. వాళ్ల సంఘం నిహోన్ హిదాన్‌క్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అణ్వాయుధాలున్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ ఆ ఒప్పందంలో చేరలేదు.

"ఒక్కటీ చేరనప్పుడు మనమే ముందు చేరి చేతులు కట్టుకోవాలా?" హవల్దారు గారి గొంతు లేచింది. "పక్కన ఇద్దరు బాంబులు పెట్టుకుని కూర్చుంటే?"

"ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదండీ."

"మొదలుపెట్టేవాడి పిల్లలు సరిహద్దులో ఉండరు, అమ్మా. మావాళ్లు ఉంటారు."

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతోనో, జవాబు దొరకకో. నర్సమ్మ మంచినీళ్లు పంచారు. ఆ వాదనలో ఎవరు గెలిచారని అడిగితే నేను చెప్పలేను. నా మనసు అమ్మాయి వైపుంది, నా భయం హవల్దారు గారి వైపుంది.

దారి చూపింది గుమాస్తా గారు. మొదట మేమే అణ్వాయుధం వాడం అన్నది మన దేశం ప్రకటించుకున్న విధానం. 2003 జనవరిలో ప్రభుత్వం అధికారికంగా చెప్పింది. అప్పుడప్పుడూ దాన్ని సడలించాలన్న మాటలు పెద్దల నోటి నుంచి వినిపిస్తుంటాయి. "ఉన్నదాన్ని వదలవద్దని అడుగుదాం. మిగతా దేశాల చేత కూడా ఆ మాట అనిపించమని అడుగుదాం. బేరంలో ముందు చేతిలో ఉన్న సరుకు కాపాడుకోవాలి" అన్నారాయన. యార్డు మనిషి కదా. చైనా 1964 నుంచీ ఆ మాట అంటూనే ఉంది. అణ్వాయుధాల వాడకాన్ని నిషేధించాలని 1982 నుంచి ఐక్యరాజ్యసమితిలో తీర్మానం పెడుతున్నదీ మన దేశమే. అంటే మేం అడిగేది మన ప్రభుత్వం సొంత మాటకు కట్టుబడి ఉండమనే.

హవల్దారు గారు ఆలోచించి తలూపారు. "ముందు కాల్చకపోవడం పిరికితనం కాదు, క్రమశిక్షణ. దానికి నేను సంతకం పెడతాను." అమ్మాయి కోరిన ఒప్పందం సంగతి విడి కాగితం మీద రాద్దాం, ఇష్టమున్నవాళ్లు దాని మీదా పెడతారు అని తేలింది. ఎవరికి అన్నదాని మీద తగాదా రాలేదు: గుంటూరు, విజయవాడ ఎంపీలిద్దరికీ. ప్రధానమంత్రికి రాస్తే చేరుతుందో లేదో; ఎంపీలు మాత్రం ఓట్లకు మన వీధికే రావాలి.

ఆగస్టు 9: ప్రకాశం బ్యారేజి, విజయవాడ

బ్యారేజి మీద ఊరేగింపుగా వద్దు, అట్టలు దించి ఒకరి వెనక ఒకరు కాలిబాట మీద వెళ్లమన్నారు పోలీసులు. అలాగే వెళ్లాం. కొన్ని గేట్లు ఎత్తి ఉన్నాయి. కృష్ణ ఎర్రగా, వడివడిగా కిందికి దూకుతోంది. ఆ హోరులో నినాదాలిచ్చినా వినపడేది కాదు. ఇంద్రకీలాద్రి కింద దుర్గమ్మ భక్తుల రద్దీలో మేమూ కలిసిపోయాం. అట్టలు చూసి ఏ సేవా సమితివాళ్లో అనుకుని ఒకావిడ క్యూ ఎటని అడిగింది. నర్సమ్మ దారి చూపించి, సంతకం కూడా అడిగారు. ఆవిడ ఈసారి కాగితం చదివి, ఎంపీ పేరు చూసి, "ఈయనకైతే పెడతాను, మా వీధి కాలవ సంగతి కూడా రాయండి" అంది. రాయలేదు కానీ, రాయవలసిందేనని నాకనిపించింది.

11 గంటల 2 నిమిషాలకు, నాగసాకి సమయానికి, గాంధీ కొండ మెట్ల మీద ఉన్నాం. కొండ మీది 52 అడుగుల గాంధీ స్మారక స్తూపాన్ని 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు. మెట్లెక్కి ఆయాసపడుతున్న పెద్దవాళ్లకు మౌనం పాటించడం కష్టం కాలేదు.

పైనుంచి ఊరు చూస్తూ మాస్టారు 1921 ఎత్తుకున్నారు. ఆ మార్చి చివర బెజవాడలో కాంగ్రెస్ కమిటీ కూర్చుని జనం ముందు పెట్టిన లెక్క: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు, జూన్ 30లోగా. అప్పటి గుంటూరు జిల్లాలో ఆ ఏడాదే చీరాల జనం పన్ను కట్టం అని ఊరు విడిచి బయట గుడిసెల్లో ఉన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి స్వచ్ఛంద సేవకుల దళం రామదండు వాళ్లకు అండ. ఈ గడ్డ మీద ఉద్యమం అంటే గాలిలో మాట కాదని మాస్టారి భావం. ఆయన గొంతులో కాస్త గర్వం ఉంది, నేను అడ్డుపడలేదు.

అడ్డుపడింది నంబూరులో కలిసిన అబ్బాయి. ధర్నా చౌక్‌లో మధ్యాహ్నం చిన్న సభ పెట్టుకున్నాం, అక్కడ లేచి నిలబడ్డాడు. "2003 ఫిబ్రవరి 15న ఇరాక్ మీద యుద్ధం వద్దని ప్రపంచమంతటా వందల నగరాల్లో జనం రోడ్డెక్కారు. ఒక్క రోమ్‌లోనే లక్షల మంది. ఎవరికో స్పష్టం, ఏం చెయ్యవద్దో స్పష్టం. మార్చి 20న యుద్ధం మొదలైంది. మరి?"

వేదిక మీద ఎవరూ వెంటనే మాట్లాడలేదు. ఉండవల్లిలో మేం కట్టుకున్న సిద్ధాంతానికి ఇది గట్టి దెబ్బే. నాకు తోచినది నేను చెప్పాను. ఇంగ్లండ్‌లో గ్రీనమ్ కామన్ అనే వైమానిక స్థావరం ముందు 1981లో ఆడవాళ్లు గుడారాలు వేశారు, అమెరికా అణు క్షిపణులు అక్కడ పెట్టవద్దని. క్షిపణులు వచ్చాయి. వాళ్లు కదల్లేదు. 1987లో ఆ రకం క్షిపణులను తొలగించాలని అమెరికా, సోవియట్ల ఒప్పందం కుదిరింది, 1991కి చివరి క్షిపణి వెళ్లిపోయింది, ఆ శిబిరం మాత్రం 2000 దాకా ఉంది. రోమ్‌లో జనం లక్షలు, రోజు ఒక్కటి. గ్రీనమ్‌లో జనం తక్కువ, ఏళ్లు బోలెడు. దేనితో పని జరుగుతుందో సూత్రం చెప్పలేను, ఒక్క రోజుతో మాత్రం జరగదు.

"అయితే మీరు ఇవాళ్టితో ఆపేస్తారా?" అన్నాడు ఆ అబ్బాయి. గడుసువాడు.

సభ అయ్యాక నీడ చూసుకుని కవర్లు సిద్ధం చేశాం. అందరి సంతకాలున్న కాగితం, అమ్మాయి రాసిన ఒప్పందం కాగితం, మొదటి రిజిస్టరు పేజీల నకళ్లు. హవల్దారు గారు జేబులోంచి ఇంకో కాగితం తీశారు. రాత్రి కూర్చుని సొంత చేతితో రాసుకున్నారట: ఒప్పందంలో చేరడం తనకు ఎందుకు ఇష్టం లేదో, మొదట వాడం అన్న మాటను మాత్రం ఎందుకు చట్టంగా చెయ్యాలో. దీన్ని కలిపితే మన ఐక్యత దెబ్బతింటుందని ఒకరన్నారు. అమ్మాయే ఆ కాగితం తీసుకుని తనదాని వెనక పిన్ను చేసింది.

స్పీడ్ పోస్టు రసీదులు గుమాస్తా గారి దగ్గరున్నాయి. జవాబు రాకపోతే సెప్టెంబరు 21న, ఐక్యరాజ్యసమితి శాంతి దినాన, ఎంపీల కార్యాలయాలకే వెళ్లి కూర్చుందామని నర్సమ్మ ప్రతిపాదన. ఆ రోజు ఏ వారం పడిందో, కార్యాలయం తెరుస్తారో లేదో కనుక్కుని చెబుతానని గుమాస్తా గారు గుంటూరు బస్సెక్కారు.